అత్తగారి కుట్టు మిషను

ఈ నెల ఇంట్లో మూల నిలబడి ఉండే ఒక వస్తువును గురించి మాట్లాడుకుందాము.

గత వేసవి చివర, బడులు తెరవడానికి పది రోజులుందనగా, మా సంఘములోని ఒక విధవరాలు మా ఇంటికి వచ్చింది. "అయ్యగారూ, మిషను అమ్మేద్దామనుకుంటున్నాను. పాత ఇనుము కింద తూకం వేసి తీసుకుంటామంటున్నారు" అన్నది. అది ఆమె అత్తగారి కాలపు నల్లని కాలి మిషను. భర్త పోయిన తరువాత ఇద్దరు పిల్లలను చదివించింది ఆ మిషనే. అది కుట్లు వదిలేస్తూంటే బాగుచేసే అతనికి చూపించిందట. షాఫ్టు అరిగిపోయింది, కొత్తది కొనుక్కోమన్నాడట. కొత్తది కొనాలంటే అప్పు చేయాలి. యూనిఫారాలు కుట్టే ఆ పది రోజులూ దాటిపోతే అప్పు తీర్చేదెట్లా?

మా ఇంట్లో ఆమెకు మిషను పని తెలుసు. "తొందరపడకు చెల్లీ, ఒకసారి విప్పి చూద్దాం" అన్నది. నా పని టార్చిలైటు పట్టుకోవడం. చక్రాన్ని పట్టుకొని అటూ ఇటూ కదిపితే ఎక్కడా లొడలొడలేదు. అంటే షాఫ్టు బాగానే ఉన్నది. సూది మార్చినా కుట్టు తప్పుతూనే ఉన్నది. అప్పుడు బాబిన్ కేసు తీసి, దాని వెనుకనున్న షటిల్‌ను బయటికి తీశారు. దాని మొన మొద్దుబారి, గరుకు తేలి ఉన్నది. దోషం అక్కడ!

మిషను పనిచేసే తీరు తెలిస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. సూది కిందికి దిగి కొంచెం పైకి లేచేటప్పుడు దారం చిన్న ఉచ్చులాగా వదులవుతుంది. షటిల్ మొన ఆ ఉచ్చును అందుకొని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. అప్పుడే పై దారం, కింది దారం ముడిపడతాయి. మొన అరిగితే ఉచ్చు అందదు, కుట్టు తప్పుతుంది.

పాత షటిల్‌ను గుడ్డలో చుట్టి టౌనుకు తీసుకుపోయి, దాని పక్కన పెట్టి చూసి అటువంటిదే తెచ్చాము. బాబిన్ కేసు కూడా కలిపి రెండు జాకెట్ల కుట్టుకూలి కాలేదు. ఆ సాయంత్రమే మిషను నడిచింది.

ఇంత పాత మిషనుకు ముక్కలు ఎలా దొరుకుతున్నాయని మీరు అడగవచ్చు. అమెరికాలో ఐజక్ సింగర్ తన మిషనుకు 1851లో పేటెంటు పొందాడు. తరువాత ఆ కంపెనీవారు తెచ్చిన 15వ తరగతి నమూనాను ఎన్నో దేశాలవారు అనుసరించారు. మన దేశంలో 1930లలో కలకత్తాలోని జయ్ ఇంజినీరింగ్ వర్క్స్‌వారు ఉషా మిషన్లు ప్రారంభించారు. పంజాబులోని లూధియానా నేటికీ మిషన్లకూ వాటి విడి భాగాలకూ పెద్ద కేంద్రం. మన పల్లెల్లోని నల్ల మిషన్లు చాలామట్టుకు ఆ నమూనావే గనుక, పేరు వేరైనా సూది, బాబిన్, షటిల్ సాధారణంగా సరిపోతాయి. వేరే రకం షటిల్ గల మిషన్లు కూడా ఉన్నాయి కాబట్టి పాత ముక్క చేతిలో లేకుండా అంగడికి పోవద్దు.

ఇక ఇంట్లో చూసుకోదగిన సంగతులు కొన్ని చెబుతాను. ముందు సూది చూడండి. గాజు పలక మీద పెడితే వంకర తెలుస్తుంది. సూదికి పొడవైన గాడి ఉన్న వైపునుండే దారం ఎక్కించాలి. మామూలు నూలు గుడ్డకు 14వ నంబరు, మందపు గుడ్డకు 16 వాడండి.

గుడ్డ అడుగున దారం ఉచ్చులుగా వేలాడితే చాలామంది బాబిన్‌ను తప్పుపడతారు. తప్పు తరచుగా పైదారానిదే. పాదం పైకెత్తి మళ్లీ దారం ఎక్కించండి. పాదం దించి ఉంటే టెన్షన్ బిళ్లలు బిగుసుకొని దారాన్ని లోనికి రానివ్వవు. బాబిన్ కేసును దారంతో వేలాడదీసినప్పుడు తనంతట తాను జారకూడదు, చిన్న కుదుపుకు కొంచెం జారాలి. లేకపోతే దాని చిన్న మరను పావు చుట్టుకు మించకుండా తిప్పండి.

కొబ్బరినూనె, ఆముదము పోయవద్దు. అవి జిగురై మిషనును బరువెక్కిస్తాయి. మిషను నూనె ఒక్కొక్క రంధ్రంలో ఒక్క చుక్క చాలు. ఇప్పటికే జిగురు పట్టి ఉంటే, దీపము, పొయ్యి దూరంగా పెట్టి, చుక్క కిరోసిను వేసి తిప్పి, తుడిచి, తరువాత నూనె వేయండి. తోలు బెల్టు సాగితే కొంచెం కోసి క్లిప్పు మళ్లీ బిగించండి. బాబిన్ చుట్టుకోకపోతే పక్కనున్న చిన్న రబ్బరు చక్రం గట్టిపడిందేమో చూడండి. సూది మార్చేటప్పుడు కాలు తొక్కుడు మీద ఉంచవద్దు.

ఇనుప ఒళ్లు పగిలినా, షాఫ్టు నిజంగా అరిగి ఊగుతున్నా ఆ మిషను మీద డబ్బు పోయవద్దు. అయితే ఆ మాట చక్రం కదిపి చూసిన తరువాతనే నమ్మండి.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన వస్త్రములను పేతురుకు చూపించిరని అపొస్తలుల కార్యములలో చదువుతాము. మా ఊరి బడి తెరిచిన రోజున ఆ సహోదరి కుట్టిన చొక్కాలతో పిల్లలు మా ఇంటి ముందుగా నడిచిపోతూంటే నాకు ఆ సంగతి జ్ఞాపకం వచ్చింది.

మా స్త్రీల సమాజమువారు ఇప్పుడు ఒక రేకు డబ్బాలో సూదులు, ఒక షటిల్, ఒక బాబిన్ కేసు, రబ్బరు చక్రాలు, బెల్టు, నూనె సీసా ఉంచారు. ఎవరికి అవసరమైనా తీసుకొని, చేతికి డబ్బు వచ్చినప్పుడు తిరిగి కొని పెడతారు. మీ సంఘములో కూడా అటువంటి డబ్బా ఒకటి పెట్టుకోండి. ఇనుము తూకానికి పోబోయే మిషను ఒకటి నిలిచినా, ఒక ఇల్లు నిలుస్తుంది.