గుంత మనది, నీడ ఎవరిది?



మృగశిర వచ్చిందంటే మొక్కల ట్రాక్టరు వాడకు వస్తది. మా వాడకు వచ్చిన ముచ్చట చెప్త. పొద్దున ఆరింటికే మనోళ్లను పిలిచిండ్రు. మొగోళ్లు, ఆడోళ్లు కలిసి డెబ్బై గుంతలు తవ్విండ్రు. పదకొండింటికి తెల్లబట్టలోళ్లు కార్లు దిగిండ్రు. ఒక్క మొక్కను పదిమంది పట్టుకొని ఫొటో దిగిండ్రు. తవ్వినోళ్లు ఆ ఫొటోల లేరు. సగం మొక్కలు మేకల పాలైనయి, మిగిలినయి ఎండినయి. ఉగాది నాటికి నాలుగు నిలిచినయి. మళ్లా ఏడు అవే గుంతలు, అవే ఫొటోలు.

ఇప్పుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపట్ల వాడల్లో మనమే చెట్ల పండుగ చేద్దామని సంఘాల పిల్లలు అడుగుతున్నరు. ‘భూమి లేనోనికి చెట్ల పండుగేందిరా?’ అని పెద్దలు కొందరు నవ్వుతున్నరు. ఆ నవ్వుల నిజముంది. కాని నేననేది ఒక్కటే. పండుగ చేద్దాం. అయితే సర్కారు చేసినట్టు కాదు. చెట్టు ఎవరిది, నీడ ఎవరిది, కాయ ఎవరిది అని ముందు తేల్చుకొని చేద్దాం.

సర్కారు పండుగలకు కొదువ లేదు. 1950లో కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవం మొదలువెట్టిండు. 2015 జులై 3న చిలుకూరులో తెలంగాణ సర్కారు హరితహారం మొదలువెట్టి, రాష్ట్రంలో పచ్చదనాన్ని నూటికి 24 నుంచి 33కు పెంచుతమన్నది. 2018 పంచాయతీరాజ్ చట్టంలో నాటిన మొక్కల్లో నూటికి 85 బతకాలని రాసింది. 2023 డిసెంబర్‌లో సర్కారు మారింది, 2024లో పేరు మళ్లా వనమహోత్సవమైంది. పేర్లు మారినయి గాని, గుంత తవ్వే చేతులు మారినయా? ఏ చెట్టు పెట్టాలె, ఎక్కడ పెట్టాలె అని మాదిగవాడను, మాలవాడను అడిగినోడున్నడా?

చెట్టు గురించి మనకు ఎవరో వచ్చి చెప్పవలసిన పని లేదు. తంగేడు ఇయ్యాల తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మల దాన్ని నెత్తిన పెట్టుకుంటరు. అదే తంగేడు చెక్కతోని మన తాతలు తోళ్లు ఊనిండ్రు. చెప్పు కుట్టిండ్రు, మోటబొక్కెన కుట్టిండ్రు, ఊరి పొలాలకు నీళ్లు పారించిండ్రు. పువ్వుకు పూజ దొరికింది, చెక్క పట్టిన చేతికి అంటు దొరికింది. డప్పు చట్రం వేపకర్ర. ఎండాకాలం అడవికి పోయి తునికాకు తెంపేది పేదోళ్లే. ఆ ఆకును చాటల వేసుకొని జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా నడుములు పడిపోయేటట్టు బీడీలు చుట్టేది మన ఆడోళ్లు, పద్మశాలి అక్కలు, ఇంకా ఎందరో పేదింటి ఆడోళ్లు. జగిత్యాల మామిడి ఢిల్లీ దాకా పోతది. కాయ దింపేటోళ్లల్ల మనమెందరం? తోట పట్టాలల్ల మనమెందరం?

నీడకు కూడా కులముంటది. ఊరి నడుమ రావిచెట్టు, దాని చుట్టు గద్దె. పంచాయితీ అక్కడే. గద్దె మీద కూసునేదెవరు, చెప్పులు చేతవట్టుకొని ఎండల నిలవడ్డదెవరు? మన తాతల నడుగుండ్రి. ఈ నేల దాన్ని ఊరికే భరించలేదు. 1978 సెప్టెంబర్ 7న వేలమంది కూలీలు, పేద రైతులు జగిత్యాల జైత్రయాత్ర చేసిండ్రు. వెట్టి వద్దన్నరు, కూలి పెంచుమన్నరు, బంజరు మాదన్నరు. ఆ అక్టోబర్‌లనే సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. నేల అడిగితే కల్లోలమన్న గడ్డ మీద చెట్టు పెట్టేటప్పుడు, ఆ నేల ముచ్చట విడిచి ఎట్ల మాట్లాడుతం?

అందుకే ఒక జాగ్రత్త. పచ్చదనం పేరు మీద పేదోని భూమి గుంజుకునే పండుగ మనకు వద్దు. 2019 జూన్‌లో ఆసిఫాబాద్ జిల్లా సార్సాలలో ఏమైంది? మొక్కలు నాటవోయిన అటవీ అధికారిణి దెబ్బలు తిన్నది. పోడు పోతదన్న రైతులు అరెస్టయిండ్రు. కొట్టుడు తప్పే. కాని దున్నుకునేటోని నేల మీద మొక్క పెడితే అది చెట్టు కాదు, కంచె అయితది. మన లావుణి పట్టాల మీద ఎవడన్న మొక్క పెట్టవస్తే, ముందు కాగితం చూపియ్యమనాలె.

మంచి దారి చూపినోళ్లు కూడా ఉన్నరు. జహీరాబాద్ దిక్కు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలల్ల ఎక్కువమంది దళిత ఆడోళ్లే. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఎడ్లబండ్లు ముస్తాబు చేసి, పాత విత్తనాలు పెట్టుకొని ఊరూరు తిరుగుతూ పాత పంటల జాతర చేసిండ్రు. 2019లో ఈ సొసైటీకి ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ ప్రైజు వచ్చింది. కెన్యాల వంగారీ మాథాయ్ 1977లో గ్రీన్ బెల్ట్ ఉద్యమం మొదలువెట్టింది. పల్లె ఆడోళ్లకు నాటిన మొక్కకు కాదు, బతికిన మొక్కకు లెక్కగట్టి పైసలిచ్చింది. 1989లో నైరోబీ ఉహూరు పార్కుల పెద్ద భవనం కడతమంటే ఎదురునిల్చి ఆపింది. 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మొక్కను, జాగను ఆమె వేరుచేసి చూడలే.

మరి మన పండుగ ఎట్ల చేద్దాం?

ఒకటి. వైశాఖంలనే వాడ కూటమి పెట్టుండ్రి. వాడల ఉన్న చెట్లు లెక్కవెట్టుండ్రి. ఏ చెట్టు ఎవరి జాగల ఉంది, కాయ ఎవరు తెంపుతున్నరు, రాసుకోండ్రి. ఏ మొక్క కావాలో ముందు ఆడోళ్లను చెప్పనీయుండ్రి. నీళ్లు మోసేది వాళ్లు. మునగ, జామ, ఉసిరి, చింత, వేప, కానుగ అడుగుండ్రి. తినరాని కోనోకార్పస్ తెస్తే వాపసు పంపుండ్రి.

రెండు. జాగ. అన్నిటికంటే ముందు మన బొందలగడ్డ. ఏడాదికో సాలు లోపలికి జరుపుకుంట పక్క పొలపోడు దాన్ని తింటున్న ఊళ్లు ఎన్ని లేవు? సర్వేయరును పిలిపించి హద్దులు తీయించుండ్రి. ఆ హద్దుల మీద వేప, తాటి వరుస పెట్టుండ్రి. హద్దురాయిని రాత్రికి రాత్రి జరుపుతరు. పదేండ్ల వేపను జరపలేరు. తర్వాత హాస్టలు, బడి, బోరింగు కాడి మురుగు పారే జాగ. సిరిసిల్లల సాంచాల షెడ్ల నడుమ గజం జాగ దొరకని గల్లీలున్నయి. అక్కడ పాత డ్రమ్ముల మునగ పెట్టినా చాలు.

మూడు. కాయ మీద హక్కు. పంచాయతీ జాగల చింతపండు వేలం వేసుడు మనకు ఎరుకే. కాబట్టి నాటకముందే గ్రామసభల తీర్మానం రాయించుండ్రి. ఈ చెట్లకు నీళ్లు పోసిన ఇండ్లకే ఈ కాయ అని. సంతకాలు పడ్డంకనే గడ్డపార పట్టుండ్రి.

నాలుగు. పండుగ నాడు. రెండు గట్టి వానలు పడ్డంక ఆదివారం చూసుకోండ్రి. గుంత మనమొక్కలమే తవ్వద్దు. వచ్చిన ప్రతి మనిషి, నాయకుడైనా సరే, తన గుంత తానే తవ్వాలె. తవ్వనోనికి ఫొటో లేదు. డప్పు మోగాలె, కాని వెట్టిడప్పు కాదు. కొట్టేటోళ్లు పండుగ పెద్దలుగ ముందు నడవాలె. ఒక్కో మొక్కకు వాడ పెద్ద మనిషి పేరు పెట్టుండ్రి. ఎట్టి చేసిన తాత పేరు, నాట్లేసిన అవ్వ పేరు. ఆ చెట్టు కాడ పిల్లలు ఆ మనిషి కథ చెప్పాలె. అందరు ఒక్క బంతిల కూసొని తినాలె.

ఐదు. ఎండాకాలం. ముండ్లకంప కట్టుండ్రి. పాతకుండ అడుగున సన్నని తూటు పెట్టి మొక్క పక్కన పాతుండ్రి, నీళ్లు మెల్లగ ఊరుతయి. ఇంటికో రోజు వంతు. వంతు రాసిన కాగితం అంబేద్కర్ సంఘం గోడకు ఉండాలె.

ఆరు. అసలు పండుగ మళ్ల ఏడాది. ఆ నాడు వాడంత కలిసి మొక్కలు లెక్కవెట్టాలె. ఎన్ని బతికినయి, ఎన్ని సచ్చినయి, ఎవరి వంతు తప్పింది, అందరి ముందట చెప్పాలె. డెబ్బై గుంతలు తవ్వి నాలుగు దక్కించుకునుడు సర్కారు లెక్క. ఇరవై పెట్టి పద్దెనిమిది దక్కించుకునుడు మన లెక్క కావాలె.

భూమి పోరాటానికి చెట్టు బదులు కాదు. రెండెకరాల పట్టా అడిగేటోడు మునగకాయతోని ఊకోవద్దు. కాని భూమి వచ్చేదాకా బొందలగడ్డ పోగొట్టుకోవద్దు గద! మన తాత పండుకున్న నేల మీద మన చేతులతోని పెట్టిన వేప నీడ పరుచుకుంటే, దాని కింద గద్దె మనమే కట్టుకుంటం. ఆ గద్దె మీద ఎవరన్న కూసోవచ్చు. లెవ్వుమనే హక్కు మాత్రం ఎవనికీ ఉండదు.

గుంత తవ్వినోనిదే నీడ. నీళ్లు పోసినామెదే కాయ.

జై భీమ్!