చందా కట్టని కవులు

గత మాసం భిలాయి ఆరవ సెక్టరులోని మా క్వార్టరుకు టపాలో ఒక చిన్న పత్రిక వచ్చింది. పుటలు నలభై ఎనిమిది. పందొమ్మిదో పుటలో నా అనువాద కవిత. అచ్చులో నా పేరు ఒకటికి రెండుసార్లు చూసుకొని మురిసిన పిమ్మట గాని, లోపల మడిచిపెట్టిన చీటీ కంటపడలేదు. “మీ చందా గడువు తీరి రెండేళ్ళయినది. వీలు చూసుకొని పంపగలరు.” సంపాదకుని స్వదస్తూరి. ఆ రెండేళ్ళలో ఆయనకు నేను ఏడు కవితలు పంపి ఉంటాను.

చిన్న పత్రికకు కవుల కొరత ఎన్నడూ లేదు; కొరతంతా కొని చదివేవారికే. ఎలియట్ ‘వేస్ట్ లాండ్’ 1922లో ‘క్రైటీరియన్’ తొలి సంచికలో వెలువడిందని విద్యార్థి దశలో కంఠస్థం చేశాను. ఆ పత్రిక ఖర్చు లేడీ రోదర్‌మియర్ భరించిందన్న సంగతి మాత్రం ఏ ప్రశ్నపత్రమూ అడగలేదు.

అంత దూరం పోనక్కరలేదు. మా భిలాయికి పొరుగునే ఉన్న రాజనందగావ్‌లో హిందీ కవి ముక్తిబోధ్ 1958 నుంచి కళాశాల అధ్యాపకుడు. 1964 సెప్టెంబరులో కన్నుమూసేనాటికి తన కవితాసంపుటిని ఆయన అచ్చులో చూసుకోలేదు. ఆయన దీర్ఘకవిత ‘అంధేరే మే’ ఆ నవంబరులో వెలువడినది ఎక్కడనుకున్నారు? మన హైదరాబాదులో! బదరీ విశాల్ పిత్తీ 1949లో ప్రారంభించిన ‘కల్పన’ అనే హిందీ పత్రికలో. నేడు ఆ కవిత లేని హిందీ సాహిత్యచరిత్ర లేదు. ‘కల్పన’ మాత్రం ఏనాడో ఆగిపోయింది.

శ్రీశ్రీ తీరు వేరు. ‘ఉదయిని’ పత్రిక నడిపిన కొంపెల్ల జనార్దనరావు 1937లో చిన్నవయసులోనే పోయాడు. 1950లో ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చినప్పుడు ఆయనకే అంకితం. స్నేహమే ముఖ్య కారణం కావచ్చు. అయినా, రాజులకూ జమీందార్లకూ కృతులిచ్చిన భాషలో ఆ గౌరవం ఒక చిన్న పత్రిక సంపాదకునికి దక్కింది.

నాకు అంకితమిచ్చే స్తోమత లేదు. బాకీతోపాటు రాబోయే మూడేళ్ళ చందా కూడా కలిపి, చీటీలోని నంబరుకు ఫోనులోనే సొమ్ము పంపాను. సాయంత్రానికి సమాధానం వచ్చింది:

“ముట్టినది. వచ్చే సంచికే ఆఖరుది. మూడేళ్ళ సొమ్ము తిప్పి పంపుతున్నాను. కవిత ఏదైనా సిద్ధంగా ఉంటే వెంటనే పంపండి. రెండు పుటలు ఖాళీగా ఉన్నవి.”