ఒకే టీచరు... ఒకే విద్యార్థి!

బడిలో మొదటిరోజు అమ్మ కొంగు వదలని పిల్లల్ని చూస్తూనే ఉంటాం. మరి, లోపలికి రావద్దంటూ బడి ముందు జనం గుంపుగా నిలబడి కేకలేస్తుంటే? ఆరేళ్ల రూబీ బ్రిడ్జెస్ వాళ్ల మధ్యలోంచే నడిచి వెళ్లింది. అది 1960 నవంబరు 14. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్. అంతవరకూ తెల్లపిల్లలు మాత్రమే చదివిన విలియం ఫ్రాంజ్ పాఠశాలలో చేరిన తొలి నల్లజాతి చిన్నారి రూబీ. చుట్టూ ఫెడరల్ మార్షల్స్ కాపలా. ఆ గోల చూసి పాప ఏమనుకుందో తెలుసా? ఊళ్లో ఏటా జరిగే మార్డిగ్రా సంబరమనుకుంది!

చాలామంది తెల్లవాళ్లు తమ పిల్లల్ని బడి మాన్పించేశారు. రూబీ నాన్న ఉద్యోగం పోయింది. బార్బరా హెన్రీ అనే తెల్లజాతి టీచరు మాత్రం దాదాపు ఏడాదంతా ఆ ఒక్క పాపకే పాఠాలు చెప్పారు.

ఈ అనుభవాలనే రూబీ 1999లో ‘త్రూ మై ఐస్’ పేరుతో పిల్లల కోసం రాశారు. అందులో ఓ సంఘటన మనసును పట్టేస్తుంది. అదే బడిలో ఓ అబ్బాయి, నల్లపిల్లవి కాబట్టి నీతో ఆడొద్దని మా అమ్మ చెప్పిందన్నాడు. జనం ఎందుకు అరుస్తున్నారో రూబీకి అప్పుడు అర్థమైంది.

ఆ మాట అబ్బాయిది కాదు, ఇంట్లో విన్నది. అందుకే ఈ పుస్తకం పిల్లలకి చదివి వినిపించండి. ‘నువ్వైతే రూబీతో ఆడుకుంటావా?’ అని అడగండి. వాళ్ల జవాబులో మన మాటలే వినిపిస్తాయి.