ప్రైమరీ లేకుంటే పట్టదా?

2020 జూన్. జార్జ్ ఫ్లాయిడ్ హత్యతో అమెరికా మండుతోంది. న్యూయార్క్ బ్రాంక్స్‌లో ప్రెస్‌మీట్. 1989 నుంచీ కాంగ్రెస్ సీటు వదలని ఎలియట్ ఎంగెల్ తననూ మాట్లాడనివ్వమని అడిగాడు. ప్రైమరీ లేకుంటే తనకిది పట్టేదే కాదన్నాడు. మైకు పట్టేసింది!

ప్రైమరీ అంటే పార్టీ టికెట్ ఎవరికో పార్టీ ఓటర్లే తేల్చే ఎన్నిక. అందులో నల్లజాతి హెడ్మాస్టర్ జమాల్ బోమన్ ఆయన్ని ఓడించాడు.

గాజాలో కాల్పులు ఆపమన్న ఆ బోమన్‌నే 2024 ప్రైమరీలో జార్జ్ లాటిమర్ ఓడించాడు. ఇజ్రాయెల్ అనుకూల లాబీ 1.4 కోట్ల డాలర్లకు పైగా గుమ్మరించింది. ప్రకటనల్లో మాత్రం గాజా ఊసు దాదాపు లేదు. సిగ్గుపడ్డారేమో!

సరే, డబ్బు అక్కడా కొంటుంది. కానీ సెక్యులర్ మిత్రులారా, టికెట్ ఎవరికివ్వాలో మీ పార్టీలు మా గల్లీని ఎన్నడైనా అడిగాయా? హైకమాండ్ ఇస్తుంది, మేం గుద్దాలి. లేకుంటే బీజేపీ వస్తుందని బెదిరింపు. మమ్మల్ని పట్టించుకోకపోతే టికెట్ పోతుందన్న భయం మీ ఎమ్మెల్యేకి ఎవరు పెడతారు?