కనబడని కలము

ప్రతిదినమును చేతనుండు వస్తువు కనబడనపుడు కలుగు కలవరము దాని వెలనుబట్టి యుండదు. బీరువాలోని పట్టుచీర నాలుగునెలలు కనబడకున్నను మనకు తెలియనే తెలియదు. తాళపుచెవుల గుత్తి, కళ్లజోడు, కలము, వీనిలో నొకటి గడియసేపు కానరానిచో నిల్లంతయు తలక్రిందగును. సెల్‌ఫోను కనబడనిచో మఱియొక ఫోనునుండి పిలిచి యది మ్రోగుచోటు తెలిసికొనవచ్చును. కలమును పిలిచిన పలుకదు గదా!

అందులోను తండ్రి వ్రాసిన కలమైనచో చెప్పనేల? అట్టి రత్నం కలములు నేటికిని కొన్ని యిండ్లలో నున్నవి. రాజమహేంద్రవరమున కె. వి. రత్నముగారు 1932లో స్వదేశీ కలముల తయారీకి పూనుకొనిరి. 1935లో గాంధీమహాత్ములు వారి కలము నందుకొని కృతజ్ఞతతో లేఖ వ్రాసిరి. గంధకము చేర్చి గట్టిపఱచిన రబ్బరును ఎబొనైటు అందురు. దానిని తరిమెనపట్టి చేతితో తీర్చిన కలములవి. సిరా ఫిల్లరుతో పోసికొనవలెను. ఏండ్లకొలది వ్రాయగా వ్రాయగా పాళీమొన యొకరి చేతివాలునకు అరిగి యలవడును, మఱొకరు పట్టిన గీరుకొనును. క్రొత్త కలము అంగడిలో దొరకును, ఆ యరుగుదల దొరకదు.

పెట్టినచోటు మఱచితిమని యందుము గాని, తఱచుగ నది మఱపు కాదు. పెట్టునపుడే మనసు వేఱొకచోట నుండుటచే నా చోటు జ్ఞాపకమున కెక్కనే యెక్కదు. అమెరికాదేశపు మనశ్శాస్త్రజ్ఞుడు డేనియల్ షాక్టరు 2001లో వెలువరించిన గ్రంథమున జ్ఞాపకశక్తికిగల యేడు దోషములలో పరధ్యానము నొకటిగా లెక్కించెను. పొయ్యిమీద పాలు పొంగుచుండగా, చంటిపిల్ల యేడ్చుచుండగా కలమును దించిన యిల్లాలిని మతిమఱపుదని విసుగుకొనుట న్యాయము గాదు. విసుగుకొన్న గృహస్థుడు కళ్లజోడు నుదుటిమీద నుంచుకొని యిల్లంతయు వెదకిన సంగతి యిచట నేల!

ఇంతకంటె చెడ్డది మఱియొకటి కలదు. వస్తువు కనబడని యరగంటలో నింటివారినోట పనిమనిషి పేరు వచ్చును. మే మెఱిగిన యొక యుపాధ్యాయినికి తండ్రిగారి కలము కనబడకపోయెను. ఆమె యెవరిని నేమియు ననలేదు. అత్తగారు మాత్రము “పొద్దున గది ఊడ్చినదెవరే?” అని యడిగిరి. ఆ యొక్కమాట చాలెను. తొమ్మిదేండ్లుగా నా యింట పనిచేసిన మనిషి చెంగున ముడి విప్పి, చేసంచి నేలపై బోర్లించి చూపి వెడలిపోయెను; మఱునాడు రాలేదు. మూడవనాడు, దిద్దిన పరీక్షకాగితముల కట్టనడుమ కలము దొరకెను. అత్తాకోడండ్రిద్దఱును ఆమె యింటికి పోయి రమ్మని పిలిచిరి. “దొరికింది గదమ్మా, సంతోషం” అని యామె లోపలికి పోయెను. ఇప్పుడు వేఱొకవీధిలో పనిచేయుచున్నది.

వెదకుటకును నొక వరుస కలదు. ఆ కలముతో కడపటిసారి యేమి వ్రాసితిమో తలచుకొని, అచటినుండి చేసిన పనులను వరుసతప్పక గుర్తునకు తెచ్చుకొనుచు, నడచినచోటులనే మరల నడువవలెను. కాగితపుకట్టలు, దుప్పటిమడతలు, చేసంచి యడుగు, మంచమునకు గోడకు నడుమ సందు చూడవలెను. ఒకరు వెదకినచోటును మఱొకరు వెదకుట మంచిది, కన్ను కన్నునకు భేదముండును. ఇంట పోయిన వస్తువునకై మనుష్యులను ప్రశ్నించుట నా మతమున బొత్తిగా వలదు.

వీధిలో జాఱిపోయినదాని సంగతి వేఱు. 1872నాటి భారత కాంట్రాక్టు చట్టము 71వ సెక్షను ప్రకారము, దొరకిన వస్తువును తనయొద్ద నుంచుకొన్నవారు దానిని తమకు అప్పగింపబడిన సొమ్మువలె కాపాడవలెను. యజమాని బహుమతి యింతయని ప్రకటించియుండినచో, అది ముట్టువఱకు వస్తువును తమయొద్దనే యుంచుకొను హక్కును 168వ సెక్షను వారికిచ్చుచున్నది. కావున ప్రకటన వ్రాయుటకు ముందు పెట్టెలోని రూకలు లెక్కచూచుకొనుడు! కలముమీద పేరు చెక్కించువారు ఫోను సంఖ్యయు చెక్కించిన మేలు. సీతలును లక్ష్ములును వీధికి పదుగురున్నారు గదా.