చలిలో కారు మొరాయిస్తే

మైత్రీవనం దగ్గర ఉండే ఒక అమ్మాయి మంచి ప్రశ్న వేసింది: "చలికాలం పొద్దున మా నాన్న కారు స్టార్టు చేసేటప్పుడు ఎడమకాలితో క్లచ్ గట్టిగా తొక్కిపడతారు. గేరు న్యూట్రల్‌లోనే ఉన్నది గదా, మళ్ళీ ఆ తొక్కడం దేనికి?"

హైదరాబాదులో చలి ఎక్కడిదని నవ్వకండి. మైత్రీవనానికి దగ్గరలోనే ఉన్న బేగంపేటలో 1946 జనవరి 8న ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలకు దిగింది. ఇక లంబసింగి కొండలెక్కే కార్లకు ఇంకా గట్టి పరీక్షే.

చలికాలం పొద్దున్నే నేతిగిన్నె చూడండి, చెంచా దిగదు. ఇంజనులోని నూనె అంతగా పేరుకోదుగాని చిక్కబడుతుంది. అంత చిక్కని నూనెలో ఇంజనును మొదట తిప్పవలసింది స్టార్టరు అనే చిన్న మోటారు. దానికి బలమిచ్చేది బ్యాటరీ. బ్యాటరీలో జరిగే రసాయన చర్య చలికి మందగిస్తుంది. సున్న డిగ్రీల దగ్గర దాని సత్తువ సుమారు మూడోవంతు తగ్గుతుంది. బండిమీద బరువు పెరిగిన రోజునే ఎద్దుకు నీరసం వచ్చిందన్నమాట!

ఇప్పుడు క్లచ్ సంగతి. న్యూట్రల్‌లో ఉంటే బండి చక్రాలు తిరగని మాట నిజమే. కాని గేరుపెట్టెలో కొన్ని పళ్ళచక్రాలు ఇంజనుతోపాటు తిరుగుతూనే ఉంటాయి, అదీ చిక్కబడిన నూనెలో. క్లచ్ తొక్కితే గేరుపెట్టెకూ ఇంజనుకూ సంబంధం తెగుతుంది. స్టార్టరుకు ఆ బరువు తప్పుతుంది.

తాళం అయిదారు సెకన్లకు మించి తిప్పిపట్టకూడదు. ఇంజను అందుకోకపోతే అరనిమిషం ఆగి మళ్ళీ తిప్పాలి. కారు కదిలాక మొదటి కొద్ది నిమిషాలు గేర్లు బిగుసుగా పడతాయి. బలవంతం చెయ్యక నెమ్మదిగా పోనిస్తే అవే సర్దుకుంటాయి.

ఇంజనులో మండేది పెట్రోలు ఆవిరి. చలికి పెట్రోలు సరిగా ఆవిరి కాదు. అంచేత వెనకటి అంబాసిడర్ కార్లలో చోకు అనే పిడి లాగి, గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచేవారు. ఇప్పటి కార్లలో పెట్రోలు పాలు పెంచే పని కంప్యూటరు చూసుకుంటుంది.

ఇక్కడినుంచి మటుకు ఇంట్లో పెద్దలకు చదివి వినిపించండి. గాలి చాలక సగం మండిన పెట్రోలునుంచి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. చల్లని ఇంజను మొదటి నిమిషాలలోనే ఇది ఎక్కువగా వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురు ప్రాణవాయువుకన్న రెండువందల రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, మగత, తరవాత స్పృహ తప్పడం, ప్రాణం పోవడం! "ఇంజను వేడెక్కనీ" అని మూసిన షెడ్డులో కారు నడుపుతూ ఉంచేవారికి జరిగేది ఇదే. షట్టరు సగం ఎత్తితే చాలదు. పూర్తిగా ఎత్తి, స్టార్టు చేసిన వెంటనే కారును ఆరుబయటికి తేవాలి. అద్దంమీది మంచు అక్కడ తుడుచుకోవచ్చు.