సముద్రపు ముళ్ళబంతి – మన పత్తిచేను

జనగామలో నిలబడ్డా, మహబూబాబాద్‌లో నిలబడ్డా, భూపాలపల్లి అడవి అంచున నిలబడ్డా సముద్రం కనిపించదు. ఈ మూడు జిల్లాల పల్లెల నుంచి వచ్చి మన కాలేజీలో బి.ఎస్సీ. చదువుతున్న వాళ్ళలో చాలామందిమి సముద్రాన్ని సినిమాల్లోనే చూశాం. అటువంటి మనకు సీ అర్చిన్ అనే సముద్రజీవి పిండం ఎలా పెరిగితే ఏమిటి? "పరీక్షలో ప్రశ్న వస్తుంది గనుక చదవాలి" అన్నదే మనలో చాలామంది జవాబు. ఆ జవాబుతో నాకు పేచీ ఉంది. ఆ జీవి కథ మన చేలకు చాలా దగ్గరిదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

సీ అర్చిన్ అంటే ఒళ్ళంతా ముళ్ళున్న బంతి. విశాఖపట్నం తీరంలో రాళ్ళ సందుల్లో కూడా ఉంటుంది. ఆడజీవి అండాలను, మగజీవి శుక్రకణాలను నీళ్ళలోకి వదిలేస్తాయి. ఫలదీకరణ అక్కడే జరుగుతుంది. చాలా జాతుల్లో అండం అద్దంలా పారదర్శకం. మైక్రోస్కోపు కింద పెడితే ఒక కణం రెండై, రెండు నాలుగై, ఒక జీవి తయారవడం కళ్ళారా చూడవచ్చు. అందుకే శాస్త్రజ్ఞులు ఈ ముళ్ళబంతి వెంట పడ్డారు. శుక్రకణ కేంద్రకం అండ కేంద్రకంతో కలవడాన్ని 1875లో ఆస్కార్ హెర్ట్‌విగ్ చూసింది ఇందులోనే. 1891లో హన్స్ డ్రీష్ రెండు కణాల దశలో ఉన్న పిండాన్ని కుదిపి ఆ రెంటినీ విడదీశాడు. సగం సగం జీవులు వస్తాయనుకుంటే, చిన్నవే అయినా రెండు పూర్తి డింభకాలు వచ్చాయి! 1902లో థియోడోర్ బోవెరీ ప్రతి క్రోమోసోముకూ దాని పని దానికుందని, పూర్తి జత లేనిదే పిండం సక్రమంగా పెరగదని ఈ అండాల మీదే తేల్చాడు.

ఇక్కడే అసలు చిక్కుంది. ప్రతి కణంలోనూ అవే జన్యువులుంటే ఒక కణం పేగుగానూ, ఇంకొకటి అస్థిపంజరంగానూ ఎందుకు మారుతున్నాయి?

రైతు కుటుంబంలో పుట్టినవాడిని కనుక నాకు చెరువే గుర్తుకొస్తుంది. చెరువు ఒకటే, నీళ్ళూ అవే. కాని ఏ తూము ఎప్పుడు తీయాలో, ఎప్పుడు మూయాలో చూసే నీరటి లేకపోతే ఒక మడి ఎండుతుంది, ఒక మడి మునుగుతుంది. జన్యువులకూ అటువంటి తూములున్నాయి. వాటిని తీసేదీ మూసేదీ వేరే జన్యువులు తయారుచేసే ప్రోటీన్లే. రాయ్ బ్రిటెన్, ఎరిక్ డేవిడ్సన్ అనే ఇద్దరు అమెరికన్లు 1969లో ఈ ఆలోచనను ఒక సిద్ధాంతంగా ప్రకటించారు. డేవిడ్సన్ 2015లో చనిపోయేదాకా సీ అర్చిన్‌ను వదల్లేదు.

ఆయన తరహా పరిశోధన ఏం చూపించిందో ఒక్క ఉదాహరణ చెబుతాను. పిండం పదహారు కణాల దశకు వచ్చేసరికి ఒక కొసన నాలుగు చిన్న కణాలు ఏర్పడతాయి. అస్థిపంజరం కట్టే పని వీటి సంతానానిదే. మిగతా కణాల్లో హెస్-సీ అనే జన్యువు ఆ పని జరగకుండా తూము మీద కాపలా కూర్చుంటుంది. ఈ చిన్న కణాల్లో మాత్రం పీమార్-1 అనే జన్యువు లేచి ఆ కాపలావాడినే పక్కకు తప్పిస్తుంది. కాపలా పోయింది, తూము తెరుచుకుంది, ఎముక కట్టే పని మొదలైంది! ఇక ఎండో-16 అనే పేగు జన్యువు పక్కన సుమారు 2,300 అక్షరాల పొడవున్న డి.ఎన్.ఏ. ముక్క ఉంది. అందులో కొన్ని భాగాలు 'పనిచెయ్యి' అంటాయి, కొన్ని 'ఇక్కడ వద్దు' అంటాయి. అన్నిటి మాటా కలిస్తేనే తీర్పు. ఇలాంటి తూములన్నిటినీ కలిపి గీసిన పటాన్ని డేవిడ్సన్ బృందం 2002లో ప్రచురించింది. 2006లో ఈ జీవి జీనోము మొత్తం చదివితే సుమారు 23,300 జన్యువులు తేలాయి. మనిషికి ఉన్నవి 20 వేలకు అటూ ఇటూ. లెక్కలో ముళ్ళబంతే మనకంటే ముందుంది! గొప్పతనం జన్యువుల సంఖ్యలో లేదు, వాటిని వాడుకునే క్రమంలో ఉంది.

సరిగ్గా అదే 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ తర్వాత మన పల్లెల్లో 'జన్యువు' అన్న మాట పాఠ్యపుస్తకం కంటే ముందు విత్తనాల పాకెట్‌తో వచ్చింది. "లోపల జీన్ ఉంది, పురుగు రాదు" అన్నది ఊరూరా విన్న మాట. సీ అర్చిన్ సంగతి నేను ఇంట్లో చెప్పినప్పుడు మా బాపు అడిగిన ప్రశ్న ఒకటే: "గా సముద్రంల ముండ్లబంతి ముచ్చట సదివితే మన చేన్ల పురుగు పోతదా బిడ్డా?" "పోదు బాపూ. గని ఎందుకు పోతలేదో ఎరుకైతది" అన్నాను. ఆ మాట మీద నేనిప్పటికీ నిలబడతాను.

ఎందుకంటే పత్తిలో పెట్టిన ఆ జన్యువు మట్టిలో ఉండే ఒక బాక్టీరియాది. దానికి తగిలించిన తూము కాలీఫ్లవర్‌కు తెగులు తెచ్చే ఒక వైరస్‌ది. మొక్క అంతటా ఎప్పుడూ తెరిచే ఉండాలని దాన్ని ఎంచుకున్నారు. కాని మొక్క పిండం లాగే సజీవం. దాని వయసు, దాని భాగం దానికున్నాయి. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థలో కె.ఆర్. క్రాంతి, ఆయన సహచరులు 2005లో ప్రకటించిన ఫలితాలు చూడండి. విషపు ప్రోటీన్ ఆకుల్లో ఎక్కువగా, పురుగు కోరుకునే మొగ్గల్లో, కాయల్లో తక్కువగా ఉంది. 110 రోజులు దాటాక అవసరమైన మోతాదు కన్నా పడిపోయింది. రకానికీ రకానికీ తేడా కూడా ఉంది. తక్కువ మోతాదు తిని బతికిన పురుగు పిల్లలు ఆ విషానికి తట్టుకునే అవకాశం పెరుగుతుంది. గులాబీ రంగు పురుగు మొదటి రకం బీటీని తట్టుకుంటోందని 2010లో గుజరాత్ నుంచి తెలిసింది. రెండు జన్యువుల రకం కూడా తర్వాత దానికి లొంగిపోయింది. అంటే జన్యువు ఉండటం వేరు, కావలసిన చోట కావలసినంత పనిచేయడం వేరు. ముళ్ళబంతి నేర్పిన పాఠం ఇదే కదా!

ఈ పాఠం మన తరగతి గదిలో ఎలా ఉంది? జన్యు నియంత్రణ అంటే ఒక పేపర్లో బాక్టీరియా. పిండాభివృద్ధి అంటే ఇంకొక పేపర్లో రంగు పెన్సిళ్ళతో వేసే కప్ప, కోడి బొమ్మలు. రెండూ ఒకే విషయమని చెప్పే పేజీ వెతికినా దొరకదు. సజీవమైన పిండాన్ని ఒక్కసారీ చూడకుండా డిగ్రీ పూర్తిచేసే విద్యార్థులున్నారు. ఇది శోచనీయం.

సముద్రం లేదని సాకు చెప్పనక్కరలేదు. మన చెరువుల్లో పెరిగే బొచ్చె, రోహు చేపల గుడ్లు కూడా పారదర్శకమే. ఒక పగలూ రాత్రీ గడిచేలోపు పిల్లలు బయటికొస్తాయి. కోడిగుడ్డుకు చిన్న కిటికీ తీస్తే మూడో రోజుకు కొట్టుకునే గుండె కనిపిస్తుంది. హైదరాబాద్‌లో 1977లో ఏర్పడిన సీసీఎంబీలో పండ్ల ఈగల మీద ఇదే నియంత్రణను శోధించారు. వీటిలో ఏదీ మన చేతికి అందనంత దూరంలో లేదు.

కనుక అధ్యాపకులను కోరేది ఒకటే: ఏడాదికి ఒక్క రోజైనా బతికున్న పిండాన్ని మాకు చూపించండి. తోటి విద్యార్థులను కోరేది ఇంకొకటి: మృగశిర కార్తెకు ముందు, విత్తనాలు కొనే రోజుల్లో, మన ఊళ్ళో అరుగు మీద కూర్చుని ఈ తూముల కథ చెప్పండి. పాకెట్ మీద ఏముందో చదవడమే కాదు, "ఆ జన్యువు నా కాయలో, నూరో రోజు తర్వాత పనిచేస్తుందా?" అని అడిగే రైతు మన ఇళ్ళలో తయారు కావాలి. ఆ ప్రశ్న నేర్పలేని చదువుకు ఎన్ని మార్కులొస్తే ఏం లాభం?